సొన ఆరని కాయ

ఉష గోళ్ళు మేము ఏడాదికి రెండుసార్లు తీస్తాం. మంగళవారం, శుక్రవారం కాకుండా చూసుకుని, పొద్దునపూట ఎండ వాకిట్లోకి వచ్చాక పీట వేసుకుంటాను. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను. పళ్ళెంలో పడే గోటిముక్కలు బియ్యపు నూకలకంటే సన్నగా ఉంటాయి. ఆ పని అయ్యాక చేతులు కడుక్కుని దేవుడి గదిలోకి వెళ్తాను గానీ, ఏం అడగాలో తోచక దీపం ఎగదోసి వచ్చేస్తాను.

ఉష నా బావమరిది గుణశేఖర్ కూతురు. పుట్టి ఎనిమిదేళ్ళయింది. కొత్తవాళ్ళు చూస్తే మూడేళ్ళు కూడా లేవంటారు. మాట మాత్రం ఒంటికంటే ముందు నడుస్తుంది. ఎనిమిదేళ్ళపాటు చెవిన పడిన మాటలు ఎక్కడికి పోతాయి?

మొన్న ఆదివారం కుడిచేతి వేళ్ళు అయిపోయి ఎడమచెయ్యి పట్టుకున్నాను.

"మామా, పక్కింటి చరణ్ బడికి పోతా ఉండాడు. నేనెప్పుడు పోతా?"

"పోతావు తల్లీ. ఇంకొంచెం పెరగనీ."

"వాడు నాకంటే చిన్నోడంట కదా. అత్త చెప్పింది. వాడు పెరిగినాడు. నేనెందుకు పెరగలేదు?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్కడున్నది కస్తూరి, పాప తల్లి. వింటోందని తెలిసింది. 

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గరే ఉంది. దాన్ని ఇంతకాలం ఎందుకు మింగుకుని కూర్చున్నానో చెప్పాలంటే ఒక కాగితం దగ్గర మొదలుపెట్టాలి.

*

చిత్తూరు బయట మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో నేను ఇరవై రెండేళ్ళు పనిచేశాను. పదో తరగతి చదువు. చివరి నాలుగేళ్ళు ఫ్యాక్టరీ వెనక షెడ్డులో కట్టిన ల్యాబ్‌కి నన్ను మేస్త్రీగా వేశారు. మొత్తం పదకొండు మందిమి. పెద్ద ఆయన పద్మనాభం గారు. చొక్కా జేబులో ఎప్పుడూ మామిడాకు ఒకటి పెట్టుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని నలిపి వాసన చూసే మనిషి. గుణని కూడా నేనే అక్కడ చేర్పించాను. మాకు పిల్లలు లేరు. తల్లి పోయిన నాటి నుంచి వాణ్ణి నా భార్య అలివేలే పెంచింది.

పని మొదలయ్యే ముందు ఒకరోజు పద్మనాభం గారు మా అందరినీ కూర్చోబెట్టి తలా ఒక కాగితాల కట్ట ఇచ్చారు. పద్నాలుగు పేజీలు. పై పేజీలన్నీ ఇంగ్లీషు.

"ఇక్కడ జరిగేది బయటికి పోకూడదు. దానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం. కానీ చదివి పెట్టండి. తొందరేం లేదు, ఇంటికి తీసుకుపోండి. వెనక తెలుగులో కూడా ఉంది," అన్నారు.

జాడీలు కడిగే మునెమ్మ కట్టని చేత్తో తూచి చూసింది. "సార్, ఇంత బరువైన మాట నా నోట్లో ఎప్పుడూ లేదు. చెప్పకూడదంటే చెప్పం. దానికి ఇన్ని కాగితాలా?"

అందరూ నవ్వారు. గుణ అందుకున్నాడు. "మునెమ్మత్తకి చెప్పడమంటే మైకులో చెప్పినట్టే సార్. ఆమె చేత రెండు కట్టల మీద పెట్టించండి సంతకం."

"ఒరే, నీ పెండ్లిచూపులప్పుడు నువ్వు గోళ్ళు కొరికింది ఇంతవరకు ఎవరికైనా చెప్పినానా నేను?"

"ఇప్పుడు చెప్పేసినావు కదత్తా!"

ఆ నవ్వుల మధ్య నేను లేచాను. పెద్దవాణ్ణి, రోజూ బొట్టు పెట్టుకుని పనికి వచ్చేవాణ్ణి, నా మాటకి ఒక విలువ ఉండేది. ఆ విలువ చూపించుకోవాలన్న కోరిక కూడా ఉండిందేమో, ఇప్పుడు అనిపిస్తుంది.

"సార్, ఈ కాగితాలు మాకు అర్థం కావు. సంతకం ఎట్లాగూ పెడతాం. కానీ మా వైపు మాట అంటే కర్పూరం ఆర్పి చెప్పేదే మాట. అందరం వినాయకుడి గుడికి పోయి ప్రమాణం చేస్తాం. ఆయన ముందు చెప్పినాక ప్రాణం పోయినా దాటం. మీరు నిశ్చింతగా ఉండొచ్చు."

పద్మనాభం గారు ఆకు నలపడం ఆపారు. "అంత దూరం ఎందుకయ్యా చెంగల్రాయుడూ? కాగితం చాలు. కాగితంలో ఎంతవరకో రాసి ఉంది."

"ఎంతవరకో అని హద్దు పెట్టుకుంటే అది మాట ఎట్లా అవుతుంది సార్?"

ఎంత గొప్పగా అన్నాను! అక్కడున్నవాళ్ళంతా తల ఊపారు. కాగితాల చివర ఎవరికి వాళ్ళం సంతకం పెట్టి, ఎవరమూ చదవకుండా, ఆ గురువారమే గుడికి పోయాం. పళ్ళెంలో కర్పూరం వెలుగుతుంటే పూజారి అడిగాడు, ఏమని ప్రమాణం చేస్తారని. పదకొండు మందికీ మాటలు కూర్చింది నేనే. "షెడ్డు లోపలి సంగతి ఎవరికీ చెప్పం. ఎప్పుడూ చెప్పం. ఏ కారణానికీ చెప్పం." ఒక్కొక్కరం అరచెయ్యి పెట్టి మంట ఆర్పాం. గుణ చెయ్యి కాలింది. ఊదుకుంటూ, "దేవుడు గట్టిగానే రాసుకున్నాడు బావా," అన్నాడు.

*

షెడ్డులో మేము చేసింది మామిడికాయల్ని నిద్రపుచ్చే పూత.

జ్యేష్ఠ మాసంలో చెట్టు నుంచి కోసిన కాయల్ని తొట్టిలో ముంచి, ఆరబెట్టి, మామూలు గదిలో గడ్డి మీద పేర్చాం. ఐసు లేదు, ఫ్రిజ్జు లేదు. శ్రావణం పోయింది, దసరా పోయింది. కాయ కాయలాగే ఉంది. మార్గశిరంలో ఒక పొద్దున పద్మనాభం గారు ఒక కాయ తీసి తొడిమ విరిచారు. తొడిమ దగ్గర సొన చిమ్మి ఆయన వేలి మీద పడింది. మామిడికాయ కోసిన గంటకే సొన ఆరిపోతుంది. ఆరు నెలల కిందట కోసిన కాయ, ఇప్పుడే కొమ్మ మీంచి తుంచినట్టు పాలు కార్చింది.

 మునెమ్మ రెండు చేతులూ జోడించింది.

నిద్ర లేపడానికి వేరే నీళ్ళు ఉండేవి. ఆ తొట్టికి మేము సుప్రభాతం అని పేరు పెట్టుకున్నాం. అందులో ముంచి తీస్తే నాలుగో రోజుకి కాయ రంగు తిరిగి, వాసన వచ్చి, పండైపోయేది. ఆ మొదటి పండుని పద్మనాభం గారు ముక్కలు కోసి ముందు తాను తిని, తర్వాత మాకు పెట్టారు. ప్రసాదంలా కళ్ళకద్దుకుని తిన్నాం. మార్గశిరంలో మామిడిపండు! రేటు రాక కాయల్ని రోడ్డు మీద పారబోసుకునే మా జిల్లా రైతులు ఇక పారబోసే పని లేదని అన్నారాయన, టెంక చేతిలో పట్టుకుని. ఆ మనిషిని ఈనాటికీ నేను తప్పు పట్టలేను.

ఆ పూత దేనితో చేస్తారో, పాళ్ళు ఎంతో, ఇప్పుడు కూడా నేను రాయను. అది దాచాల్సిన మాటే. దాచాల్సినదేదో, దాచకూడనిదేదో తెలియకపోవడమే నా పాపం.

*

ఆ మార్గశిరంలోనే కస్తూరికి నాలుగో నెల. మా పక్క వాటాలోనే వాళ్ళ కాపురం. ఏది తిన్నా కడుపులో నిలిచేది కాదు. ఒక సాయంత్రం మా గడపలో చతికిలబడి అలివేలుతో అంటోంది.

"వదినా, పుల్ల మామిడికాయ ఉంటే, ఉప్పు కారం అద్దుకుని... తలుచుకుంటేనే నోరూరుతా ఉంది."

"ఈ చలికాలంలో మామిడికాయ యాడ తెచ్చేదమ్మా! చింతకాయ తొక్కు వేస్తా, రా."

"చింతకాయ వద్దు వదినా. మామిడికాయే."

నేను, గుణ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. కడుపుతో ఉన్న ఆడమనిషి నోరు తెరిచి అడిగింది లేదనకూడదని మా అమ్మ అనేది. అది శాస్త్రమో, ఆచారమో నాకు తెలియదు. మర్నాడు నా క్యారియర్ అడుగు గిన్నెలో రెండు కాయలు పెట్టుకుని గేటు దాటాను. ఇరవై రెండేళ్ళలో ఆ గేటు దగ్గర నన్ను ఎవరూ సోదా చెయ్యలేదు. ఆ రోజూ చెయ్యలేదు.

పండు కాదు, పుల్ల కాయ కావాలంది కాబట్టి సుప్రభాతంలో ముంచలేదు. ముంచితే పండిపోతుంది. కొళాయి నీళ్ళతో బాగా కడిగి ఇచ్చాను.

"తొక్క తీసి తినమ్మా," అని చెప్పాను.

"అట్లాగే అన్నా," అంది. కాయ చేతిలో పట్టుకుని పసిపిల్లలా నవ్వింది. "ఈ కాలంలో ఇది యాడ దొరికింది?"

"దొరికింది. ఎవరికీ చెప్పకు."

పుల్ల మామిడికాయకి తొక్క ఎవరు తీస్తారు? ఆ తర్వాత మూడు రోజులు ఆమె వాంతి చేసుకోలేదు. అలివేలు సంతోషపడి, ఆ ఆదివారం గోరింటాకు రుబ్బి రెండు చేతులకీ పెట్టింది. గోళ్ళు ఎర్రగా పండాయి.

*

మాఘమాసం వచ్చింది. షెడ్డు మూల గదిలో ఎలుకల బోనులు ఉండేవి. పూత పూసిన కాయని సుప్రభాతంలో కడగకుండా మేపితే ఏమవుతుందో చూడటానికి దసరా ముందు నుంచి వాటికి పెడుతున్నారు. ఆ రోజు పద్మనాభం గారు మమ్మల్ని పిలిచి చూపించారు. సూడి ఎలుకలు అట్లాగే ఉన్నాయి. ఎప్పుడో ఈనాల్సినవి, ఈనలేదు. కడుపులో పిల్లలు చావలేదు, పెరగలేదు.

"కాయలాగే," అన్నారాయన మెల్లగా. "సుప్రభాతం నీళ్ళు కొంచెం తాగిస్తే మళ్ళీ పెరిగాయి, మామూలుగా ఈనాయి. కానీ మేపిన తొంభై రోజుల్లోపు తాగించినవాటికే. తొంభై దాటినవాటికి ఎంత తాగించినా ఫలితం లేదు." బోర్డు మీద సుద్దముక్కతో 90 అని రాసి చుట్టూ గీత గీశారు. "కడగని కాయ ఒక్క ముక్క కూడా ఎవరూ నోట పెట్టకూడదు. ఇప్పటిదాకా పెట్టలేదు కదా?"

అందరూ లేదన్నారు. నేనూ తల అడ్డంగా ఊపాను. పక్కన గుణ ఊపిరి వినిపిస్తోంది.

బయటికి వచ్చాక వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "బావా, కస్తూరికి ఇచ్చింది సుప్రభాతంలో కడగని కాయలే."

"తొక్క తీసి తినమన్నాను కదరా."

"తీసిందో లేదో."

"రెండు కాయలు. ఎలుకలకి రోజూ పెట్టినారు. కంగారు పడొద్దు."

ఆ సాయంత్రం ఇంట్లో అలివేలు కాఫీ ఇస్తూ అంది. "ఏమండీ, ఒక వింత చూడండి. కస్తూరికి గోరింటాకు పెట్టి రెండు నెలలయింది. గోరు పెరిగితే మొదట్లో తెల్లగా చంద్రవంక రావాలి కదా? రాలేదు. నిన్న పెట్టినట్టే ఉంది. గర్భంతో ఉంటే అట్లా అవుతుందా?"

కాఫీ గ్లాసు కింద పెట్టాను. నాకు కళ్ళ ముందు సొన కనిపించింది.

*

మర్నాడే స్కానింగుకి తీసుకుపోయాం. డాక్టరమ్మ తెర మీద చూసిందే చూసి, తారీఖులు రెండుసార్లు అడిగింది.

"గుండె బాగా కొట్టుకుంటోంది. కానీ ఆరో నెలకి ఉండాల్సిన సైజు లేదు. పోయిన స్కానింగ్‌లో ఎంత ఉందో ఇంచుమించు అంతే ఉంది. ఇట్లాంటిది నేను ఎప్పుడూ చూడలేదు." కస్తూరి వైపు తిరిగింది. "ఏమైనా మందులు వాడావా? నాటుమందు, ఆకుపసరు?"

"లేదు మేడం."

డాక్టరమ్మ మా వైపు చూసింది. "మీరిద్దరూ ఏం పనిచేస్తారు? అక్కడ ఏమైనా రసాయనాలు ఉంటాయా? ఇంటికి ఏమైనా తెచ్చారా? ఏదైనా సరే చెప్పండి. నేను తెలుసుకుంటేనే కదా ఏమైనా చేయగలిగేది."

గుణ నా మొహం చూశాడు. వాడికి తల్లీ తండ్రీ మేమే. నేను తల ఊపితే చెప్పేసేవాడు. కర్పూరం ఆర్పిన నా అరచెయ్యి మండినట్టయింది. ఎవరికీ. ఎప్పుడూ. ఏ కారణానికీ.

"పల్ప్ ఫ్యాక్టరీ మేడం," అన్నాను. "మామూలు పనే."

బయట ఆటో ఎక్కేముందు కస్తూరి నా దగ్గరికి వచ్చింది. గుణ మందులచీటీ పట్టుకుని షాపు దగ్గర ఉన్నాడు.

"అన్నా, ఆ మామిడికాయలు. అవి తిన్న కాడి నుంచే నాకు ఒళ్ళు ఏదో మాదిరిగా ఉండాది. ఆకలి తెలీదు, అలుపు తెలీదు. ఆ కాయల్లో ఏముంది?"

"ఏం లేదమ్మా. కాయలే."

"ఒట్టు?"

"ఒట్టు," అన్నాను.

దేవుడి ముందు పెట్టిన ఒట్టు నిలబెట్టడానికి, ఒక కడుపుతో ఉన్న మనిషి ముందు అబద్ధపు ఒట్టు పెట్టాను. అప్పటికి కాయలు తిని అరవై నాలుగు రోజులు. ఇంకా ఇరవై ఆరు ఉన్నాయి.

ఆ ఇరవై ఆరు రోజులూ నేను చేసినన్ని పూజలు జన్మలో చేయలేదు. పొద్దునే తలస్నానం, గరికతో అర్చన, సంకటహర చతుర్థికి ఉపవాసం. రోజూ షెడ్డులో సుప్రభాతం తొట్టి పక్కనే నిలబడి పనిచేశాను. ఒక్క సీసా తెచ్చి ఇచ్చేస్తే? ఎంత పట్టాలో తెలియదు, మనిషికి ఎట్లా పట్టాలో తెలియదు. తెలిసిన ఆయన పది అడుగుల దూరంలో మామిడాకు నలుపుకుంటూ కూర్చుని ఉన్నారు. ఆయనని అడిగితే కాయలు గేటు దాటించింది చెప్పాలి. ఇరవై రెండేళ్ళ మంచిపేరు పోతుంది, గుణ పని పోతుంది. ప్రమాణం, ప్రమాణం అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, దాని చాటున దాక్కున్నది భయం.

డెబ్బై తొమ్మిదో రోజు గుణ గట్టిగా అడిగాడు. "బావా, చెప్పేద్దాం. నా చెయ్యి కాలితే కాలనీ, కళ్ళు పోతే పోనీ."

"నీ కళ్ళు పోతే నువ్వు భరిస్తావు. దేవుడి కోపం బిడ్డ మీద పడితే?"

వాడు నోరు మూసుకున్నాడు. నేను చెప్పిన మాటల్లో నన్ను ఇంకా నిద్రపోనివ్వనిది అదే. బిడ్డ పేరు చెప్పి బిడ్డ తండ్రి నోరు కట్టేశాను.

తొంభయ్యో రోజు ఆదివారం. గుడిలో అభిషేకం చేయించాను. తీర్థం తెచ్చి కస్తూరి చేతిలో పోశాను. గోరింటాకు ఆ గోళ్ళ మీద అప్పుడే పండినట్టు ఎర్రగా ఉంది.

*

పదో నెల వచ్చింది, పదకొండు వచ్చింది. తిరుపతి డాక్టర్లు చూశారు, చెన్నై డాక్టర్లు చూశారు. గుండె కొట్టుకుంటోంది, ఆగండి అన్నారు. వీధిలోవాళ్ళు మొదట జాలిపడ్డారు, తర్వాత భయపడ్డారు, పేరంటాలకి పిలవడం మానేశారు. పదమూడో నెలలో ఆ మాట ఎవరి నోటనో పద్మనాభం గారి చెవిన పడింది. ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఎన్ని కాయలు?" అన్నారు.

అలివేలుకి అర్థం కాలేదు. గుమ్మంలో నిలబడిన కస్తూరికి అర్థమైంది.

"రెండు సార్."

"కడిగినవా?"

"కడగనివి."

ఆయన జేబులోంచి ఆకు తీశారు. నలపలేదు. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "తొంభై రోజుల్లో నా దగ్గరికి ఒక్కసారి రాలేకపోయావా చెంగల్రాయుడూ? తిడతాననుకున్నావా? తిట్టేవాణ్ణే. తిట్టి, ఆ సీసా పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి నీకంటే ముందు పరుగెత్తేవాణ్ణి."

"పనిచేసేదా సార్?" అన్నాడు గుణ.

"ఎలుకలకి చేసింది. మనిషికి చేసేదేమో."

కస్తూరి అరవలేదు, ఏడవలేదు. నా వైపు చూసి, "ఒట్టు పెట్టినావే అన్నా," అంది. అంతే. లోపలికి వెళ్ళిపోయింది. అలివేలు నా వైపు చూడకుండా ఆమె వెనకే వెళ్ళింది.

పద్మనాభం గారు మర్నాడే షెడ్డుకి తాళం వేసి, జరిగింది జరిగినట్టు పై ఆఫీసులకి రాసి పంపారు. పంతొమ్మిదో నెలలో ఉష పుట్టింది. కస్తూరి ఒంట్లోంచి ఆ నిద్ర ఏడాదిన్నరకి పోయింది, గోళ్ళు మామూలుగా పెరిగాయి. పాపలో మాత్రం నాటుకుపోయింది. మూడేళ్ళకి ఒక ఏడు పెరుగుతుంది. మేమందరం పోయాక కూడా ఆమె పసిదిగానే ఉంటుంది. అప్పుడు గోళ్ళు ఎవరు తీస్తారో తెలియదు.

*

విచారణకి నన్ను కార్మిక శాఖ ఆఫీసుకి పిలిచారు. ఆఫీసరు నడివయసు ఆవిడ. బల్ల మీద నా సంతకం ఉన్న కాగితాల కట్ట ఉంది.

"డాక్టర్ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"సంతకం పెట్టినాం మేడం. కంపెనీ రహస్యం చెప్పకూడదు కదా. చెప్తే చట్టప్రకారం తప్పు."

ఆవిడ కట్టని తిరగేసింది. తొమ్మిదో పేజీ నుంచి తెలుగు. అచ్చు అక్షరాలు, నాలాంటివాడు హాయిగా చదువుకునేంత పెద్దవి.

"ఇది మీరు చదవలేదా?"

"లేదు మేడం."

ఆవిడే చదివింది. తయారీ విధానం, పాళ్ళు, కొనేవాళ్ళ వివరాలు ఉద్యోగంలో ఉండగా గాని, మానేశాక మూడేళ్ళ వరకు గాని బయటపెట్టకూడదు. పోటీ కంపెనీకి అమ్మకూడదు. అంతవరకు సరే. తర్వాత పదకొండో అంశం. ఆవిడ నిదానంగా చదివింది, పిల్లలకి చదివినట్టు.

"ఉద్యోగి గాని, అతని కుటుంబసభ్యులు గాని, మరెవరైనా గాని అనారోగ్యానికి గురైనప్పుడు, వైద్యునికి అవసరమైన సమాచారం తెలపడం ఈ ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టు కాదు. అట్లా తెలపడం ఉద్యోగి బాధ్యత."

ఆ కాగితం నా వైపు తిప్పి పెట్టింది. "యజమాని గుట్టు కాపాడటం ఉద్యోగి ధర్మమే. నేను కాదనను. దానికి హద్దు ఉంటుంది. ఆ హద్దు వీళ్ళు రాసి మరీ ఇచ్చారు. మిమ్మల్ని ఎవరూ మాట్లాడొద్దనలేదు కదండీ."

అవును. ఎవరూ అనలేదు. రెండు వాక్యాల్లో తలుపు తెరిచి పెట్టి ఉంటే, నేనే కర్పూరం వెలిగించి ఆ తలుపు మూయించాను. పదకొండు మంది చేతులు కాల్పించాను. హద్దు ఉంటే అది మాట ఎట్లా అవుతుందని ఎదురు ప్రశ్న కూడా వేశాను.

ఆ ఉద్యోగం నాకు అప్పటికే లేదు. మానేశాను. వేరే శిక్ష ఏదీ వేయలేదు. వేసి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

వచ్చే దారిలో గుడికి పోయాను. పూజారి గుర్తుపట్టాడు. "స్వామీ, ప్రమాణం చేసేటప్పుడు మీరు ఏమని చేస్తారని అడిగినారు. ఎందుకని అడగలేదే?" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "ఆ మాటలు మీరు తెచ్చుకున్నవే నాయనా. స్వామి అడిగింది కాదు," అన్నాడు. లోపల స్వామి ఎప్పటిలాగే చల్లగా కూర్చుని ఉన్నాడు. ఆయన పేరు మీద నేను పెట్టుకున్న కాపలా ఆయనకి తెలుసో లేదో కూడా నాకు తెలియదు. నాకు ఇప్పటికీ ఆయన మీద నమ్మకం పోలేదు. నా భక్తి మీదే అనుమానం.

*

మొన్న ఆదివారం దగ్గరికి వస్తాను. పాప ఎడమచెయ్యి నా చేతిలో ఉంది. పోయిన ఆషాఢంలో అలివేలు పెట్టిన గోరింటాకు ఇంకా ఆ గోళ్ళ మీద ఉంది. మొదట్లో వెంట్రుక మందాన తెల్లని గీత. ఆరు నెలల గీత.

"చెప్పు మామా. నేనెందుకు పెరగలేదు?"

ఏదో ఒక కథ చెప్పొచ్చు. ఎనిమిదేళ్ళుగా చెప్తున్నవి అవే. గోళ్ళ కత్తెర పీట మీద పెట్టాను.

"నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు, నేను రెండు మామిడికాయలు తెచ్చిచ్చినాను తల్లీ. చలికాలంలో. అవి నిద్రపోయే కాయలు. మీ అమ్మకి తెలీదు, తినింది. దాంతో నీకు కూడా నిద్ర పట్టింది. నిన్ను లేపే మందు ఉండింది. డాక్టరమ్మ అడిగింది, ఏం తినిందని. మీ అమ్మ కూడా నన్నే అడిగింది. నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే నువ్వు చరణ్ మాదిరి పెరిగి ఉండేదానివేమో. నా వల్లే."

చెప్పడానికి ఎంతసేపు పట్టింది? మూత తీసిన కాఫీ చల్లారేంతసేపు కూడా కాదు.

ఉష నా మొహంలోకి చూసింది. ఏం అర్థం చేసుకుందో తెలియదు. చిన్న చేత్తో నా బొటనవేలు పట్టుకుని ఆడిస్తూ ఆలోచించింది.

"ఆ మామిడికాయ పుల్లగా ఉండిందా?"

నేను ఎప్పుడూ అడగలేదు ఆ మాట. తలెత్తాను. గుమ్మంలో కస్తూరి నిలబడి ఉంది, చేతికి తడి. ఎనిమిదేళ్ళుగా నాకు అన్నం పెట్టింది, మంచినీళ్ళు ఇచ్చింది, జ్వరం వస్తే గంజి కాచింది. నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు.

"చెప్పమ్మా," అన్నాను. "నాకు తెలీదు."

కస్తూరి చెయ్యి కొంగుకి తుడుచుకుంది. మెట్టు దిగి వచ్చి పాప పక్కన, నాకు ఎదురుగా, నేల మీద కూర్చుంది.

"పుల్లగానే ఉండింది," అంది. "చాలా బాగుండింది. తొక్కతో సహా తిన్నాను."

ఎడమచేతి చిటికెనవేలు ఒక్కటే మిగిలింది. కత్తెర ఆమెకిచ్చాను.